ఇస్త్రీపెట్టెల పత్రిక, ఇద్దరు కూర్చునే కారు

ఇస్త్రీపెట్టెలకీ టీ కెటిళ్ళకీ మార్కులు వేసే పత్రిక స్పోర్ట్స్ కారు మీద తీర్పు చెప్పవచ్చునా? చెబితే నమ్మవచ్చునా? అరవైల చివర్లో ఒక ఫాల్గుణమాసం, ఆదివారాలన్నీ ఈ ప్రశ్న మీద మా బావతో పోట్లాడుతూ గడిపాను. నమ్మకూడదని నా వాదం. అందులో సగం గెలిచింది నేనేనని ఇప్పటికీ అంటాను. మిగతా సగం ఏమైందో చెప్పాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి.

మా అక్క శృంగవరపుకోటలో డాక్టరు. కొండ కింద ఊళ్ళలో ఎవరికి నొప్పులొచ్చినా, బిడ్డ అడ్డం తిరిగినా కబురు ఆవిడకే వచ్చేది. అక్క సంచీ తీసుకుని జట్కా ఎక్కేది. జట్కా పోలేని చోట ఎడ్లబండి, అదీ పోలేని చోట కాళ్ళు. గుర్రం దాని ఓపిక కొద్దీ నడిచేది, నొప్పులు మాత్రం దాని కోసం ఆగేవి కావు. కొన్నిసార్లు అక్క చేరేసరికి బిడ్డ కేర్‌మంటూ ఉండేది. కొన్నిసార్లు ఊరి మొదట్లోనే పాడుకబురు ఎదురయ్యేది. అలాంటి రోజున ఇంటికొచ్చి, నూతి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉండిపోయేది. కొత్త కారుకి ఎప్పుడో పేరు రాయించింది. కానీ ఆ రోజుల్లో కారుకి పేరు రాయించుకున్నవాళ్ళు అది ఇంటికొచ్చేలోగా ముసలివాళ్ళయిపోయేవారు. వేళకి చేరడం ఒక్కటే అక్కకి కావలసింది. మిగతా ఏ సుఖమూ ఆవిడ అడిగిన గుర్తు నాకు లేదు.

నేను బి.ఎ. చదివి విజయనగరంలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతుండేదాన్ని. శనివారం సాయంత్రానికి అక్క ఇంట్లో వాలేదాన్ని. బావ అక్కడి కోర్టులో ప్లీడరు. వారమంతా మున్సబుగారి ముందు అణిగిమణిగి ఉండి, ఆ నోటి దురద నా మీద తీర్చుకునేవాడు. నేనూ తక్కువ తినలేదు.

అప్పుడు గరివిడి కార్ఖానాలో పనిచేసే ఒక తెల్ల ఇంజనీరు తన దేశానికి వెళ్ళిపోతూ కారు అమ్మకానికి పెట్టాడు. ఆయన భార్యకి జబ్బు చేస్తే అక్కే చూసింది. ఆ అభిమానంతో ముందు అక్కనే అడిగారు. ఇద్దరే కూర్చునే స్పోర్ట్స్ కారు. ముదురాకుపచ్చ రంగు, పైన గుడ్డ టాపు, మనిషి నడుమెత్తు కూడా లేని ఒళ్ళు. చూసొచ్చిన రోజున అక్క అన్నం ముందు కూర్చుని, కూర వడ్డించుకోవడం మరిచిపోయి, కారు మాట చెప్పింది. మా ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి అలా చూడలేదు.

ఇంజనీరు భార్య నిదానం గల మనిషి. "కొనేముందు ఇవి చదవండి" అని రెండు పత్రికలు ఇచ్చి పంపింది. రెంటిలోనూ ఆ కారు గురించే ఉంది. ఒకటి ఆయన తెప్పించుకునే మోటారు పత్రిక. రెండోది ఆవిడ తెప్పించుకునే పత్రిక, ఇల్లు నడిపేవాళ్ళు ఏ సరుకు కొనాలో చెప్పేది. అందులో కారుకి ముందు పేజీలో ఇస్త్రీపెట్టెలు, వెనక పేజీలో రొట్టెలు కాల్చే పెట్టెలు.

మోటారు పత్రిక నేను పుచ్చుకున్నాను. ఇస్త్రీపెట్టెల పత్రిక బావ పుచ్చుకున్నాడు. వీధరుగే కోర్టయింది.

మోటారు పత్రికవాడు ఏం రాశాడంటే, ఈ కారు నేలని కరుచుకుని పోతుందని, మలుపులో పెడితే మనం అనుకునేలోగానే తిరిగిపోతుందని, దాని చప్పుడు వింటే ఇంటికి వెళ్ళబుద్ధి కాదని. చదువుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది. బావ చదివింది వేరు. గుడ్డ టాపు వేసినా వాన లోపలికి వస్తుంది. డిక్కీలో కూరల బుట్ట పట్టదు. పెద్దవాళ్ళు ఎక్కి దిగలేరు. అడుగు నేలకి మరీ దగ్గర, గతుకుల్లో తగులుతుంది. క్లచ్చి బరువు. ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్ళు సరదాకి కొనుక్కోవచ్చు.

"ఇంకో కారట. మనకి మొదటిదే దిక్కులేదు. ఎవరి కోసం రాశారు బావా ఇది?" అన్నాను.

"ఏటే మరదలా, నీ పత్రికలో కారు బొమ్మలెన్నున్నాయో సూసేవా? అన్నీ కార్ల కంపెనీల ప్రకటనలే. నా దాంట్లో ఒక్క ప్రకటన సూపించు. సాచ్చికి కూడెవడు పెడతన్నాడో ముందు సూడాలి."

"సాక్షి నిజాయితీపరుడైతే చాలా? కళ్ళుండాలి కదా. కెటిల్లో నీళ్ళు ఎంతసేపటికి కాగుతాయో చూసే మనిషికి మలుపులో కారు ఎలా తిరుగుతుందో ఏం తెలుస్తుంది? సంగీతం కచేరీకి వెళ్ళి కుర్చీలు మెత్తగా లేవని రాసినట్టుంది."

"కుర్చీలో కూకునేది నువ్వే కదే."

"వినడానికి కూర్చుంటాను. కూర్చోడానికి వెళ్ళను."

నాకు ఇంకో ఆయుధం కూడా దొరికింది. ఆ చప్పిడి వ్యాసం చివర్లో ఒక వాక్యం ఉంది. పరీక్షలన్నీ అయిపోయాక కూడా కారు వెనక్కిచ్చేయడానికి తమలో ఎవరికీ తొందర లేకపోయిందని రాశారు. అది చదివి వినిపించాను. "అది సాచ్చెం కాదు, నోరు జారడం" అని బావ కొట్టేశాడు.

అక్క మా ఇద్దరి మధ్యా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా వింది. చివరికి, "ఒక రోజుకి ఇమ్మని అడిగాను. తోలి చూస్తే సరి" అంది.

ఆ శనివారం గరివిడి వెళ్ళి కారు తెచ్చాం. మా నాన్న పాత కారు మీద అక్కకి పెళ్ళికి ముందే డ్రైవింగు నేర్పాడు. ఆ చెయ్యి పోలేదు. నెల్లిమర్ల దాకా మెల్లిగా, దాంతో పరిచయం చేసుకుంటున్నట్టు తోలింది. విజయనగరం దాటి శృంగవరపుకోట రోడ్డు పట్టాక వదిలింది. చెట్లు వెనక్కి పోవడం నేను రైల్లోంచి చూశాను గాని, ఇంత దగ్గరగా, ఇంత కిందనుంచి చూడలేదు. గాలికి అక్క ముడి ఊడిపోయింది. సర్దుకోలేదు. మలుపు వస్తే ఆవిడ చెయ్యి ఇంత కదిలేది, కారు అంతా కదిలేది. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పే చెయ్యి అది. ఆ చేతికి తగిన పనిముట్టు ఇన్నాళ్ళకి దొరికిందనిపించింది. మోటారు పత్రికవాడు ఒక్క అబద్ధమూ రాయలేదు.

ఇంటి ముందు ఆగగానే బావ వాళ్ళమ్మ వచ్చింది. జన్మంతా వరి పండించిన చేతులు, ఎవరికీ భయపడని నోరు. కారు చుట్టూ తిరిగి చూసి, ఎక్కుతానంది. ఒక కాలు పెట్టింది. రెండో కాలు ఎటు పెట్టాలో తెలీక నా భుజం పట్టుకుంది. నేను ఇటు పట్టి, అక్క అటు పట్టి కూర్చోబెట్టాం. దిగడం మరీ గొడవైంది.

"ఏటే కోడలా, ఇది ఎక్కడమా, గోతిలోకి దిగడమా? నన్ను లాగడానికి ఇద్దరు కావాలి. నొప్పుల మనిసిని లాగడానికి ఎంతమంది కావాలే?"

బావ పత్రికలో ఆ పేజీ తీసి నా ముందు పెట్టి లోపలికి వెళ్ళాడు.

ఆదివారం పొద్దున్నే కొండ కింద ఊరి నుంచి సైకిలు మీద ఒకాయన వచ్చాడు. కూతురికి తొలి కాన్పు, రాత్రి నుంచి నొప్పులు. అక్క సంచీ నా ఒళ్ళో పడేసి, ఆయన్ని సైకిలు మీద వెనక రమ్మని, కారు తీసింది. తారు రోడ్డంతా గాలిలో పోయాం. జట్కా అయితే ఇంకా సంత దగ్గరే ఉండేది. నేను గెలిచేశాననే అనుకున్నాను.

ఊరి రోడ్డు మలుపు తిరగ్గానే ఎదురుగా ఉలవలు. మా వైపు వాళ్ళకి తెలుసు: ఉలవచెట్లు పీకి ఎండబెట్టి రోడ్డు మీద పరుస్తారు. బస్సు చక్రాలు, బండి చక్రాలు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. నూర్చే శ్రమ తప్పుతుంది. బస్సు వాటి మీదుగా పోతే అందరికీ సంతోషమే. అక్క కూడా అలవాటు ప్రకారమే పోనిచ్చింది. కానీ ఆ కారు వాటి మీదుగా పోలేదు. పొట్టతో తుడుచుకుంటూ పోయింది. ఆ రోడ్డు మీద ఉన్న పంటంతా ముద్దలు ముద్దలుగా కారు కింద చుట్టుకుపోయింది.

వెనకనుంచి ఒక ముసలాయన చీపురు పట్టుకుని పరిగెడుతూ వస్తున్నాడు. "ఆపండే, మా ఉలవలట్టుకుపోతన్నారు" అంటున్నాడు. అక్కని చూసి చీపురు దించాడు. "ఓలమ్మ, డాక్టరమ్మ. మీకేటి కావాలో అడిగితే ఇంటికి పంపుదుం కదమ్మా."

నవ్వే వ్యవధి లేదు. కమురు వాసన కొట్టింది. వేడెక్కిన సైలెన్సరు గొట్టానికి ఎండు ఉలవకట్ట ఒరుసుకుంటోంది. అక్క వెంటనే ఇంజను ఆపింది. సంచీ అందుకుని, చెప్పులు కార్లోనే వదిలేసి, ఊళ్ళోకి పరుగులాంటి నడక నడిచింది. వెనక నేను. అటుపక్క జనం కొక్కెం దోటీలు తెచ్చి, రోడ్డు మీద బోర్లా పడుకుని, కారు కిందనుంచి ఉలవకట్ట లాగడం మొదలుపెట్టారు.

ఆ ఇంటి గుమ్మంలో, నొప్పులు పడుతున్న పిల్ల తల్లి అడిగింది, "కారు మీద వస్తన్నారని పిల్లలు పరిగెట్టుకొచ్చి సెప్పేరు. కారేదమ్మా?"

ఉలవల దగ్గరనుంచి మా వెనక నడిచొచ్చిన ఒకావిడ, "అదక్కడ గడ్డి మేస్తన్నాది. నువ్వు నీళ్ళు మరగబెట్టు" అంది.

వేళకే చేరాం. ఊరు దగ్గర కాబట్టి చేరాం. ఆ తలుపు వెనక అక్క ఏం చేసిందో నాకు తెలీదు. బిడ్డ ఏడుపు విన్నాక అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి కదిలారు. ఆడపిల్ల. తల్లికి బాగానే ఉంది. బయటికొచ్చిన అక్క మొహంలో సంతోషంతో పాటు ఇంకేదో ఉంది. ఉలవలు ఊరి మొదట్లో కాక ఇంకా అవతల పరిచి ఉంటే ఏమయ్యేదో ఆవిడ లెక్క వేసుకుంటోందని నాకు అర్థమైంది.

ఆ ఇంటాయన కూరకని కోసిన పనసకాయ తెచ్చాడు. మా అక్కకి ఆ ఊళ్ళు కృతజ్ఞత చెప్పుకునేది అలాగే. వద్దంటే ఏడుస్తారు. డిక్కీ తెరిచాడు. అందులో మారుచక్రం ఉంది, మడిచిన టాపు గుడ్డ ఉంది. పనసకాయని నిలువునా పెట్టాడు, అడ్డంగా పెట్టాడు, మూత మీద మోకాలు పెట్టి నొక్కబోయాడు. అక్క ఆపింది.

చివరికి అది నా ఒళ్ళో కూర్చుంది. చీర నిండా పనసపాలు, చేతుల నిండా ముళ్ళ గుర్తులు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. పనసకాయంటే ఏమిటో తెలియని దేశంలో ఎవరో కూరల బుట్ట పట్టుకుని ఈ డిక్కీ ముందు నిలబడ్డారు. మోటారు పత్రికవాడు దీని మూత కూడా తీసి ఉండడు. వాడు నేలని కరుచుకోవడమని పొగిడిన దాన్నే వీళ్ళు వంగి, చెయ్యి పెట్టి, ఇంతే ఎత్తుందని కొలిచారు. ఆ వంగిన మనిషి ఎవరో నాకు తెలీదు గాని, ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. కోపం కూడా వచ్చింది.

భోజనాల దగ్గర చిత్రం జరిగింది. బావ పక్షం మార్చేశాడు.

"కొనీ" అన్నాడు అక్కతో. "ఊళ్ళలోకి జట్కా ఎలాగూ ఉన్నాది. తారు రోడ్డు మీదికి ఇదుంటాది."

"ఏటి బావా, నిన్నటిదాకా అడుగు తగుల్తుంది, క్లచ్చి బరువని చంపేశావు. రెండో కారుగా పనికొస్తుందన్నారు, మొదటి కారుగా కాదు. నీ పత్రికే అంది" అన్నాను నేను. ఆ పత్రిక మాట నా నోట వస్తుందని నేను మాత్రం అనుకున్నానా?

"పత్రిక సంగతి నాకు తెలుసులేవే. నిన్న సందేళ మీ అక్క మన వీధిలోకి వస్తంటే నువ్వు పక్కన కూకున్నావు, దాని మొహం నీకు కనపడదు. నాను అరుగు మీద నిలబడి సూసేను. నా పెళ్ళాం మొహం అలగుంటాదని నాకు ఇన్నేళ్ళూ తెలీదు."

బావ వాళ్ళమ్మ కొడుకు వైపు ఒకసారి చూసి, అతనికి ఇంకాస్త కూర వడ్డించింది.

అక్క మజ్జిగ కలుపుకుంది. "మోటారు పత్రికవాళ్ళు రాసింది ప్రతీదీ నిజమే. వీళ్ళు రాసిందీ నిజమే" అంది. "పనసకాయ పట్టని కార్లో నొప్పుల మనిషిని ఎలా పడుకోబెట్టి తీసుకొస్తాను? ఇచ్చేస్తాను." తరవాత బావ వైపు చూసి, "నువ్వు కొనమన్నావు. అది చాలు" అంది.

ఆ మధ్యాహ్నం మళ్ళీ ఇద్దరం బయల్దేరాం. విజయనగరంలో నన్ను దింపి అక్క గరివిడి వెళ్ళాలి. మా వీధి మలుపు వచ్చింది. అక్క తిప్పలేదు. నేరుగా పోయి ఊళ్ళోని రాజుల కోట చుట్టూ తిప్పింది. మలుపు మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటేసింది. నేను గడియారం చూడలేదు, ఎక్కడికని అడగలేదు. రెండోసారి చుట్టేశాక మా గుమ్మం ముందు ఆపింది.

"గరివిడి దాకా నేనూ వస్తానే. తిరుగు బస్సులో ఒక్కర్తివీ ఏం వెళ్తావు?" అన్నాను.

"దిగు" అంది అక్క. "ఆ కాస్త దూరం నేనొక్కర్తినే తోలుకుంటాను."

దిగాను. వానలు వెళ్ళాక ఒక పాత జీపు దొరికింది. వెనక పరుపు వేసి మనిషిని పడుకోబెట్టవచ్చు, కింద నుంచి మేక దూరిపోవచ్చు. అక్క దాన్ని చాలా ఏళ్ళు తోలింది. ఎంతమంది తల్లుల్ని అందులో తీసుకొచ్చిందో కొండ కింద ఊళ్ళకి తెలుసు. ఆవిడ ముడి ఊడిపోవడం మాత్రం నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఇస్త్రీపెట్టెల పత్రిక నా దగ్గరే ఉండిపోయింది. స్పోర్ట్స్ కార్ల మీద వాళ్ళని నమ్మవచ్చునా అని ఎవరైనా అడిగితే నమ్మమనే చెబుతాను, కాకపోతే చివరి వాక్యం దాకా చదవమంటాను. వెనక్కిచ్చేయడానికి తమలో ఎవరికీ తొందర లేకపోయిందని వాళ్ళు రాశారు. బావ దాన్ని నోరు జారడమన్నాడు. వాళ్ళ పరీక్షలన్నిటిలోకీ అదే గట్టి సాక్ష్యమని నా వాదం. కోట చుట్టూ రెండుసార్లు తిరిగినదాన్ని, నాకు తెలుసు.