మంచి మోకాలికి కట్టు

1991 సెప్టెంబరులో మస్కట్‌లోని ఒక ప్రైవేటు క్లినిక్ ఉద్యోగం మానేసి, ఒమాన్‌లోనే సముద్ర తీరాన ఉన్న సూర్ పట్టణంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోథెరపిస్టుగా చేరాను. ఆట మీద ప్రేమతో కాదు. నా భార్య రూతుకి సూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. నేను మస్కట్ దార్సైట్‌లో ఫ్లాటులో, ఆమె సూర్‌లో క్వార్టర్సులో ఉంటూ, మొగుడూ పెళ్లాలం చుట్టాల్లాగా వచ్చిపోతున్నాం. క్లబ్బులో ఖాళీ ఉందని తెలియగానే దరఖాస్తు పెట్టాను. మాది భీమవరం పక్కన. నాకు తెలిసిన ఆట వాలీబాల్ ఒక్కటే. ఇంటర్వ్యూలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

క్లబ్బులో అందరికన్నా పైవాడు ముదీర్, అంటే జట్టు వ్యవహారాలన్నీ చూసే మేనేజరు. పేరు సాలిం. ఒకప్పుడు అదే క్లబ్బుకి గోల్‌కీపరు. పొద్దున పూట ఏదో ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం, సాయంత్రం మా దగ్గర. మాతో హిందీలో మాట్లాడేవాడు. ఆయన కింద కోచ్. ఈ కోచ్‌లు సీజనుకొకరు మారుతుండేవాళ్లు. ఆ తర్వాత ఆటగాళ్లు, ఆ తర్వాత నేను. నా కింద ఒక్కడే ఉన్నాడు, కడప నుంచి వచ్చిన ఖాజా. బట్టలు ఉతికించడం, బూట్లు సర్దడం, బస్సు నడపడం అతని డ్యూటీ. మ్యాచ్ రోజు మిగతా అందరూ బెంచీ మీద కూర్చుంటే నేను బెంచీ చివర ఐసు డబ్బా మీద కూర్చునేవాణ్ని.

నేను చేరిన వారానికే రే వచ్చాడు. ఆ సీజనుకి మా క్లబ్బు తెచ్చుకున్న ఒకే ఒక్క ఇంగ్లీషు ఆటగాడు. మిడ్‌ఫీల్డర్. అంటే మైదానం మధ్యలో ఉండి, బంతి పోయినప్పుడు వెనక్కీ, దొరికినప్పుడు ముందుకీ ఆటంతా పరిగెత్తేవాడు. గోలు కొట్టినవాణ్ని ఎత్తుకుంటారు, గోలు ఆపినవాణ్ని కావలించుకుంటారు, మధ్యలో పరిగెత్తి చచ్చేవాడికి నీళ్ల సీసా ఇస్తారని తనే చెప్పి నవ్వేవాడు. పదహారేళ్లకి బడి మానేసి ఒక పెద్ద క్లబ్బులో శిక్షణకి చేరాడట. రెండేళ్లు సీనియర్ల బూట్లు తుడిచాక, నువ్వు పనికిరావని పంపేశారు. అక్కణ్నుంచి మూడో డివిజన్, నాలుగో డివిజన్ చిన్న క్లబ్బులు. అక్కడ ప్రతి మే నెలలోనూ ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని వదిలేస్తారో చెబుతారు. చాలా మే నెలల్లో రేని వదిలేశారు. ఊరు మారినప్పుడల్లా ఇల్లూ మారేది. అయిదో ఊరికి భార్య రాలేదు.

కొత్త ఆటగాడు రాగానే బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు చూడటం నా పద్ధతి. మోకాలికి పైన ఒక చేత్తో నొక్కిపట్టి, ఇంకో చేతి వేళ్లతో చిప్పని కిందికి అదిమితే, లోపల నీరు పట్టి ఉన్న మోకాలిలో చిప్ప తేలి టక్కున తగులుతుంది. రే కుడి మోకాలు తగిలింది. లోపలి పక్కన పాత ఆపరేషన్ మచ్చ కూడా ఉంది. ఇంగ్లండు సర్జన్లు ఆ రోజుల్లో మోకాలి ఎముకల మధ్య మెత్తలాగా ఉండే మృదులాస్థి కాస్త చిరిగితే మొత్తం తీసి పారేసేవాళ్లు. కుర్రవాడు మళ్లీ ఆడతాడు. పదేళ్లు పోయాక ఎముకా ఎముకా రాసుకుంటాయి. అప్పటికే రే ఒప్పందం మీద సంతకాలు అయిపోయాయి. అందులో పాత గాయాలేమీ లేవని ఒక వాక్యం ఉందని తనే చెప్పాడు. వీసా పరీక్షలో గుండె చూశారు, రక్తం చూశారు, మోకాలు ఎవరూ చూడలేదు.

నేను ఆ సాయంత్రమే సాలింతో మాట్లాడాను. మచ్చ సంగతి ఎత్తకుండా, కుడి మోకాలు కొంచెం అరిగి ఉంది, రెండు మ్యాచ్‌ల మధ్య విశ్రాంతి ఇవ్వాలని చెప్పాను. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూనే, ఇంగ్లండులో ఆడినవాడు, ఇక్కడ ఆడలేడా అన్నాడు. అంతటితో సరి.

మొదటి మ్యాచ్‌కి గంట ముందు రే బల్ల ఎక్కి ఎడమ కాలు చాపాడు. దీనికి కట్టు కట్టు, బాగా కనబడేలా తెల్లటి బ్యాండేజీ వెయ్యి అన్నాడు. ఎడమ కాలికేమీ లేదు కదా అంటే, అందుకే అన్నాడు. తర్వాత విడమరిచి చెప్పాడు. చిన్న డివిజన్లలో అవతలి జట్టువాడు ముందు చూసేది నీ ముఖం కాదు, నీ కట్టు. కట్టున్న కాలినే తంతాడు. కాబట్టి మంచి కాలికి కట్టు కట్టుకుని, చెడ్డదాన్ని ఊరికే వదిలేస్తారు. అక్కడి ఫిజియోలందరికీ ఇది తెలుసు, మేనేజర్లకీ తెలుసు, ఎవరూ నోరెత్తరు.

ఖాజా ఇదంతా చూస్తూ నిలబడి, “ఏంది సార్ ఇది? బాగుండే కాలికి కట్టు కడతాండారు, బాగలేనిదాన్ని ఊరికే ఇడిసిపెట్టినారు. మీరు సదువుకునింది ఇదేనా?” అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. కట్టాను.

ఆ కట్టు సీజనంతా పనిచేసింది. ప్రతి మ్యాచ్ తర్వాతా రే ఎడమ కాలు కమిలిపోయి ఉండేది, కుడి కాలి మీద గీత కూడా పడేది కాదు. అసలు వైద్యం మా ఇంట్లో జరిగేది. క్లబ్బు బల్ల మీద పడుకుంటే ముదీర్ చూస్తాడని రే భయం. వాళ్ల దేశంలో గాయపడ్డవాడితో మేనేజరు మాట్లాడడట, ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోతాడట. అందుకని మేనేజరు కనుచూపు మేరలో కుంటకూడదన్నది వాళ్లు మొదట నేర్చుకునే పాఠం. మా వంటింట్లో కుర్చీ మీద కాలు చాపుకుని, రూతు పెట్టిన చేపల పులుసు అన్నం కళ్లనీళ్లు పెట్టుకుంటూ తినేవాడు. నేను ఐసు పెట్టేవాణ్ని. వాపు చూసి రూతు ఒకసారి కోప్పడింది. “ఏమండీ, ఇది ఆడే మోకాలా? మా వార్డులో ఉంటే మంచం దిగనివ్వం. మీరేమో దగ్గరుండి ఆటకి పంపుతున్నారు” అంది. ఆమె చెప్పింది ఇంగ్లీషులో రేకి చెప్పాను. ఈ మోకాలితో ఆడగలను గాని నిచ్చెన ఎక్కలేను, ఇల్లు చేరితే నాకున్న పని మా బావ దగ్గర పైకప్పులు వేయడమే అన్నాడు.

అతని ఆశ ఒక్కటే. జట్టు ఆ ఏడు మొదటి డివిజన్‌కి ఎక్కితే, కుర్రాళ్ల జట్లకి రేని కోచ్‌గా పెట్టుకుంటానని సాలిం మాటిచ్చాడు. మూడేళ్ల ఉద్యోగం. పరిగెత్తక్కర్లేదు, నిలబడి చెబితే చాలు. ఆటకి రోజులు దగ్గరపడ్డవాడికి అంతకన్నా కావలసింది లేదు. ఇబ్రా అనే ఊళ్లో ఒక మ్యాచ్, సూర్‌లో ఆఖరి మ్యాచ్, రెండే మిగిలాయి.

ఇబ్రాలో నేల ఎండి రాయిలా ఉంది. రెండో సగంలో రే ఒక్కడే, చుట్టూ ఎవరూ లేకుండా, బంతి కోసం గిర్రున తిరిగి కూలబడ్డాడు. పెట్టె పట్టుకుని పరిగెత్తాను. కుడిది పోయింది, నువ్వు ఎడమదే చూడు అని నెమ్మదిగా అన్నాడు. జనం చూస్తున్నారు, బెంచీ మీద సాలిం లేచి నిలబడ్డాడు. నేను ఎడమ మోకాలి కట్టు మీద చల్లటి స్ప్రే కొట్టాను. రే లేచి మిగిలిన ఆట మైదానం మధ్యలో నిలబడే ఆడాడు. గెలిచాం. తిరుగు దారిలో బస్సు వెనక సీట్లో తువ్వాలు కింద కుడి మోకాలికి ఐసు పెట్టుకుంటూ వచ్చాం.

మర్నాడు పరీక్ష కోసం రేని మస్కట్ పంపించారు. ఫిజియో జట్టు దగ్గరే ఉండాలన్నది నియమం, కాబట్టి ఖాజా తీసుకెళ్లాడు. డాక్టరు ఏ కాలు అని అడిగితే, రే ఎడమ కాలు చూపించాడు. ఇదీ వాళ్ల డివిజన్ల అలవాటే. చెడ్డకాలు చూపిస్తే పాత ఆపరేషన్ బయటపడుతుంది. మంచికాలు నొప్పి అంటే ఏమీ తేలదు, కాని ఈలోగా వారం విశ్రాంతి దొరుకుతుంది, ఆ వారంలో చెడ్డకాలు కుదుటపడుతుంది. అక్కడి ఫిజియో కన్నుకొట్టి ఊరుకుంటాడు. ఆ అబద్ధం అక్కడ అందరికీ తెలిసిన అబద్ధం. సూర్ క్లబ్బులో తెలిసినవాళ్లం ముగ్గురమే: రే, నేను, ఖాజా.

ఎడమ మోకాలిలో ఏ దోషమూ లేదు, ఆడవచ్చు అని రిపోర్టు వచ్చింది. సాలిం మమ్మల్నిద్దర్నీ ఆఫీసుకి పిలిచాడు. కోపంగా లేడు, చిన్నబోయినట్టున్నాడు. ఆఖరి మ్యాచ్‌కి ముందు నాటకమాడుతున్నావని రేతో అన్నాడు. శుక్రవారం ఆడు, లేదా సామాను సర్దుకో అన్నాడు. రే వెంటనే ఆడతానన్నాడు. నాకు ఆ మోకాలు తెలుసు. ముందురోజు రాత్రి చేతుల్లో పట్టి చూశాను, లోపల లిగమెంటు తెగి వదులుగా ఊగుతోంది. దాంతో ఆడితే కోచ్ ఉద్యోగం మాట అటుంచి, జీవితాంతం కర్ర పట్టుకోవాలి. అందుకని నోరు విప్పాను. గాయం కుడి మోకాలికి అన్నాను.

సాలిం నావంక వింతగా చూశాడు. “జాన్ భాయ్, ఆర్నెల్లుగా ఎడమ కాలికి కట్టు కట్టింది ఎవరు? ఇబ్రాలో అందరి ముందూ ఎడమ కాలికి స్ప్రే కొట్టింది ఎవరు? ఇవాళ కుడి అంటావా?” అన్నాడు. మొదటి రోజే కుడి అని చెప్పానన్నాను. ఆయనకి గుర్తులేదు. అది బుకాయింపు కాదు, నిజంగానే గుర్తులేదు. ఒక సాయంత్రం చెవిన పడ్డ మాట, ఆర్నెల్లు కళ్లతో చూసిన కట్టు ముందు నిలవలేదు. అవతలి జట్లని మోసం చేయడానికి కట్టిన కట్టు మా ముదీర్‌నే ఎక్కువ మోసం చేసింది.

ఇక దాచి లాభం లేదని మంచికాలికి కట్టు కట్టే కిటుకంతా చెప్పాను. మొదట నవ్వాడు. మా కాలంలో ఇలాంటివి తెలియవు అన్నాడు. తర్వాత నవ్వు ఆగింది. అయితే మీరిద్దరూ కలిసి సీజనంతా నన్ను వెధవని చేశారన్నమాట అన్నాడు. రే వైపు తిరిగి కుడి మోకాలు చూపించమన్నాడు. రే పాంటు పైకి లాగాడు. మచ్చ చూడగానే సాలిం చేత్తో “ఖలాస్” అన్నట్టు గీత గీశాడు. ఎడమ కాలైతే నాటకమాడేవాడు, కుడి కాలైతే గాయం దాచినవాడు. ఎటు తిప్పినా రే పోవలసిందే. అబద్ధం అన్నవాడు నిజం విని ఇంకా పెద్ద శిక్ష వేశాడు. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బయటికొచ్చి రే ఒక్క మాటన్నాడు. “ఒక్క మ్యాచే కదా జాన్. నేను నిలబడి ఉండేవాణ్ని. నిలబడటం నాకు వచ్చు.” తర్వాత ఆఫీసు మెట్లు కుంటకుండా తిన్నగా దిగి వెళ్లాడు. కిటికీలోంచి సాలిం చూస్తున్నాడు.

శుక్రవారం జట్టు రే లేకుండానే గెలిచింది. మొదటి డివిజన్‌కి ఎక్కింది. పట్టణమంతా కార్ల హారన్లు. అతను లేని లోటు ఆటలో ఎక్కడా కనబడలేదు. ఓడిపోయి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. అలా అనుకున్నందుకు రూతు నన్ను మందలించింది గాని, అక్కడ సెలవు రోజైన శుక్రవారమే జరిగే ప్రార్థన కూటానికి ఆ రోజు తనూ వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ రోజే ఖాజా రేని మస్కట్ విమానాశ్రయంలో దింపి వచ్చాడు. ఎలా ఉన్నాడని అడిగాను. “దావంతా బాగానే ఉన్నాడు సార్, పాటలు గూడా పాడినాడు. బండి దిగి లోపలికి పొయ్యేటప్పుడు సూసినా, కుంటుకుంటా పోయినాడు. ఇంగ దాసిపెట్టుకునేదానికి ఎవురున్నారు సార్” అన్నాడు.

నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఫిజియో దొరకడం కష్టం. రేకి ఇస్తామన్న కుర్రాళ్ల జట్లకి వేరే కోచ్ వచ్చాడు. కొత్త సీజను మొదటి మ్యాచ్ రోజు మా కెప్టెన్ ఖమీస్, సూర్‌లో తరతరాలుగా పడవలు తయారుచేసే ఇంటి మనిషి, బల్ల ఎక్కి కాలు చాపి తెల్ల బ్యాండేజీ వెయ్యమన్నాడు. ఈ కాలు నొప్పా అన్నాను. కాదు, రెండోది అన్నాడు. ఎవరు నేర్పారని అడగలేదు. మంచికాలికి నేను కట్టనని చెప్పాను. పక్కకి వెళ్లి తనే కట్టుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆడాడు. ఎవరూ అతని కుడి ఎడమల గురించి అడగలేదు, ఎందుకంటే అతను ఆ ఊరివాడు.

క్లబ్బులోనూ ఆ తర్వాత ఆసుపత్రుల్లోనూ పదవీ విరమణ దాకా చేసిన పనిలో ఈ సంగతి వల్ల నా పద్ధతి ఒక్కటి మారింది. జీతం కోసం ఒంటిని వాడేవాడు, ఆటగాడైనా సైట్‌లో మేస్త్రీ అయినా, నొప్పి ఎక్కడో చెప్పేముందు పక్కన ఎవరున్నారో చూస్తాడు. అందుకని ఏ కాలు అని అడగడం మానేశాను. తలుపు వేసి, రెండు కాళ్లూ చూసేవాణ్ని.