కుందేలుకు ఒడిబియ్యం

మధురానగర్ టైలరు పెద్దమ్మ పోయింది. గురువారం పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది.

"మీరెవరో నాకు ఎరుక లేదు మేడం. అత్తమ్మ కొలతల పుస్తకంల నంబర్లున్నోళ్ళందరికీ చేస్తున్న" అంది ఆ అమ్మాయి. "నిన్న పగటీలి మిషిన్ ముందట కూసున్నది కూసున్నట్టే పక్కకు ఒరిగింది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపాయె."

దాదాపు పద్దెనిమిదేళ్ళ కిందట రాయించిన నంబరు అది. ఆ పేజీలో ఉన్న నా కొలతలు ఎప్పుడో మారిపోయాయి, నంబరు మాత్రం మార్చలేదు. పదకొండో రోజుకు వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ పూట ఆఫీసుకు వెళ్ళలేదు. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది. ఇక చెప్పడానికి మనిషి లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను తెనాలి నుంచి కోర్సు చేయడానికి వచ్చినప్పుడు అమీర్‌పేటలో గోడ కనపడేది కాదు. జావా, ఒరాకిల్, టెస్టింగ్ అంటూ ఒకదాని మీద ఒకటి అంటించిన కాగితాలే గోడలు. మధురానగర్‌లో మా హాస్టల్ మెట్ల కింద ఒక షట్టరు, అందులో ఒక కుట్టుమిషను, దాని వెనక పెద్దమ్మ. సిరిసిల్లలో మగ్గం నడవక భర్తతో పట్నం వచ్చిందట. నేను వచ్చేసరికి భర్త లేడు, ఒక్క కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మొదటిరోజు నేను "ఆంటీ" అని పిలిస్తే, పెదాల మధ్య గుండుసూదులు తీయకుండానే "ఆంటీ ఎవలే? పెద్దమ్మ అను" అంది. హాస్టల్లో ఉన్న ఆడపిల్లలందరికీ ఆమె పెద్దమ్మే.

ఆ షట్టరు ముందు వరస అనేది ఇంటర్వ్యూ లేనివాళ్ళకే. "రేపు ఇంటర్వ్యూ పెద్దమ్మా" అంటే చాలు, పెళ్ళివాళ్ళ జాకెట్లు పక్కకు జరిగిపోయేవి. మాలో చాలామందికి మంచి బట్టలు ఉండేవి కావు. పక్క మంచం అమ్మాయి చుడీదార్‌ను నా ఒంటికి సరిపోయేలా పొడుగు కుట్లు వేసి ఇచ్చేది, సాయంత్రం మళ్ళీ విప్పేసి ఆ అమ్మాయికి ఇచ్చేది. నాకు ఉద్యోగం వచ్చింది అలాంటి చుడీదార్‌లోనే. మంగళవారం పెద్దమ్మ కొత్త గుడ్డకు కత్తెర పెట్టేది కాదు. ఆ రోజంతా ఊడిన గుండీలు, చీరల ఫాల్సు.

కొత్త బట్ట కుడితే మాత్రం ప్రతిదాని లోపలా రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలేది. ఇంత వదిలితే లావుగా కనపడతానని నేను గునిసేదాన్ని.

"నౌకరీ రాని, ఇంత తింటవు, ఒళ్ళు జేస్తవు" అనేది. "ఇయ్యాల్టి కొలతకు కుడితే ఇయ్యాల్టికే సరిపోతది బిడ్డా."

బేగంపేటలో నా మొదటి ఉద్యోగం, ఎవరెవరో పంపే మెయిళ్ళకు జవాబులు రాయడం. మెయిళ్ళు రాని వేళ ఇంటర్నెట్‌లో తిరిగేదాన్ని. అలా ఒక సైటు కంటపడింది. వేరే వేరే దేశాలవాళ్ళు తమ బొమ్మల్ని పార్శిల్ చేసి ఊళ్ళు తిరగడానికి పంపుతారు. బొమ్మ దిగిన ఇంటివాళ్ళు దాన్ని నాలుగు చోట్లకు తిప్పి, ఫోటోలు తీసి సైటులో పెట్టి, దానితో వచ్చిన డైరీలో నాలుగు ముక్కలు రాసి తర్వాతి ఇంటికి పంపాలి. అన్నీ తిరిగాక అది సొంతింటికి చేరాలి. పాస్‌పోర్టు కూడా లేని నాకు ఈ ఏర్పాటు తెగ నచ్చింది. పేరు ఇచ్చేశాను.

రెండు నెలలకు ఒక కుందేలు వచ్చింది. జానెడు పొడుగు, బూడిదరంగు ఉన్ని ఒళ్ళు, నీలం గౌను. ఫిన్లాండ్‌లో రిటైరైన ఒక స్కూలు టీచరు తన తల్లి పాత కోటు కత్తిరించి దాన్ని చేసిందని డైరీ మొదటి పేజీలో ఉంది. పోర్చుగల్, జపాన్ తిరిగి మా హాస్టల్‌కు చేరేసరికి దాని కుడిచెయ్యి భుజం దగ్గర ఊడి వేలాడుతోంది. తిన్నగా మెట్ల కిందికి తీసుకెళ్ళాను.

"ఎవలదే ఈ పిల్ల?" అంది పెద్దమ్మ.

సంగతంతా చెప్పాను. ఆమె మిషను ఆపి కుందేలును చేతుల్లోకి తీసుకుంది. "ఒక్కతే వచ్చిందా, గంత దూరం?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత మెడలో ఉన్న టేపు తీసి దాన్ని కొలిచింది. అందరికీ రాసినట్టే పుస్తకంలో కొలతలు రాసింది. దాని పేరు నాకే నోరు తిరగలేదు కాబట్టి "ఫిన్లాండ్ పిల్ల" అని రాసుకుంది. "ఛాతీ కన్నా నడుమే ఎక్కువున్నది. గా దేశంల మంచిగ తినవెడతరు" అంది.

చెయ్యి అతికించడానికి పది నిమిషాలు పట్టింది. అక్కడితో ఊరుకుంటే ఆమె పెద్దమ్మ ఎందుకవుతుంది? ఎవరో పెళ్ళికూతురి జాకెట్టులో మిగిలిన మెరూన్ పట్టుతో లంగా, జాకెట్టు మొదలుపెట్టింది. అంచు కలవలేదని నన్ను వెంటబెట్టుకుని పంజాగుట్టలో మ్యాచింగ్ సెంటర్‌కు బయలుదేరింది. కుందేలును సంచిలో పెట్టనివ్వలేదు, చంకన ఎత్తుకుంది. షేర్ ఆటో అతను అద్దంలో చూసి నవ్వాడు.

"అమ్మా, దానికి సుత టికెట్ ఉంటది."

"చంటిపిల్లకు టికెట్ అడుగుతవా భాయ్? జర సిగ్గుండాలె" అంది పెద్దమ్మ. ఆటోలో అందరూ నవ్వారు. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్న వెలుగు నేను మళ్ళీ చూడలేదు. చూడకుండా చేసుకున్నది నేనే.

కుందేలు మూడు వారాలు ఉంది. పగలంతా మిషను పక్కన దారపు ఉండల డబ్బా మీద కూర్చునేది. జాకెట్లకు వచ్చినవాళ్ళు అడిగితే పెద్దమ్మ దాని ప్రయాణాలన్నీ చెప్పేది. పోర్చుగల్ ఎక్కడుందో ఆమెకు తెలియదు, నాకూ సరిగ్గా తెలియదు. అయినా బాగానే చెప్పేది.

తర్వాతి ఇల్లు ఆస్ట్రేలియాలో. పార్శిల్ కట్టే రోజు అట్టపెట్టెతో వెళితే, పెద్దమ్మ పీట వేసి కుందేలును దాని మీద కూర్చోబెట్టి ఉంచింది. పక్కన పళ్ళెంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి ముక్క, పసుపుకొమ్ము. తెలంగాణ ఇళ్ళలో పెళ్ళైన ఆడపిల్ల పుట్టింటి నుంచి వెళ్ళేటప్పుడు ఒడిలో బియ్యం పోసి పంపుతారు. ఒడిబియ్యం అంటారు. మా వైపు నేను చూడలేదు.

"దీనికి పెళ్ళి కాలేదు కదా పెద్దమ్మా" అన్నాను.

"ఇన్ని దేశాలు తిరిగినదానికి పెండ్లి లేకుంటేంది?" అంది. పళ్ళెంలో బియ్యం వేళ్ళతో కలుపుతూ, "నాకు ఆడివిల్ల లేదు. ఎన్నడు పోసిన నేను? వట్టి ఒడితోటి ఎట్ల పంపాలె చెప్పు" అంది.

లంగా కుచ్చిళ్ళ లోపల బొటనవేలంత సంచి కుట్టి, అందులో ఆ బియ్యం పోసి మూతి కుట్టేసింది. హాస్టల్ పిల్లలం చుట్టూ చేరి ఫోటోలు తీశాం.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. తినేవి, గింజలు పార్శిళ్ళలో పెట్టవద్దని సైటు నియమాల్లో స్పష్టంగా ఉంది. నేను చదివాను, ఒప్పుకుంటున్నానని నొక్కాను. కొబ్బరి ముక్క వాసన వస్తుందని పక్కన పెట్టాను గానీ, ఆ సంచి విప్పమని ఆమెను అడగడానికి నోరు రాలేదు. పిడికెడు కూడా లేవు, ఎవరు చూస్తారులే అనుకున్నాను. పోస్టాఫీసులో ఫారం మీద "గుడ్డబొమ్మ ఒకటి" అని రాశాను.

ఆరు వారాల తర్వాత ఆస్ట్రేలియా నుంచి మెయిలు వచ్చింది. తనిఖీలో గింజలు బయటపడ్డాయి, పార్శిల్ అంతా నాశనం చేశారు, తమకు నోటీసు మాత్రమే అందింది అని. బయటి గింజను రానివ్వకపోవడం వాళ్ళ చట్టం. వాళ్ళను ఏమీ అనడానికి లేదు.

ఫిన్లాండ్ టీచరుకు నేనే రాయాల్సి వచ్చింది. ఆఫీసులో కూర్చుని, రోజూ రాసే క్షమాపణ మెయిళ్ళ ధోరణిలోనే రాశాను. "మా వీధి టైలరు, చదువులేని ఆవిడ, నాకు తెలియకుండా బియ్యం పెట్టి కుట్టేసింది" అని. ఆ వాక్యం తప్పు లేకుండా, చక్కని ఇంగ్లీషులో ఉంది.

రెండు రోజులకు జవాబు వచ్చింది. అది వచ్చాక పెద్దమ్మ ముందుకు వెళ్ళడం నాకు మరీ కష్టమైంది. చూపిస్తే కుందేలు లేదని చెప్పాలి, నేను ఏం రాశానో చెప్పాలి. ప్రింటు తీసి, మడతపెట్టి పెట్టెలో దాచాను.

పెద్దమ్మ మాత్రం అడగడం మానలేదు. "మన పిల్ల చేరిందా?"

"చేరింది పెద్దమ్మా."

"ఫోటోలేవి?"

"ఇంకా పెట్టలేదు."

నెల పోయాక మళ్ళీ అడిగింది. న్యూజిలాండ్ అన్నాను. ఆ తర్వాత కెనడా అన్నాను. కెనడా అంటే చలి ఉంటుందా అని అడిగి, ఉంటుందంటే, "అయ్యో, పల్చటి పట్టు జాకిట్ కుడితి గదే. స్వెటర్ ఇయ్యకపోతిమి" అని బాధపడింది. కొత్త దేశం చెప్పిన ప్రతిసారీ ఆమెకు కొత్త దిగులు పెట్టాను. నిజం చెప్పేద్దామని రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళి, ఎవరో జాకెట్టు కొలతలకు ఉన్నారని వెనక్కి వచ్చాను. ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు, ఆమె టైలరు.

జీతం పెరిగింది, మాదాపూర్‌కు మారాను. రెడీమేడ్ బట్టలు కొనుక్కోవడం మొదలుపెట్టాను. అవి ఎక్కడా సరిగ్గా పట్టేవి కావు, అయినా కొన్నాను. మెట్రో వచ్చాక అమీర్‌పేట మీదుగా పోతూ ఫోన్‌లోకి తల దూర్చేదాన్ని.

ఆఖరిసారి చూసింది ఐదేళ్ళ కిందట, పంజాగుట్టలో అదే మ్యాచింగ్ సెంటర్‌లో. జుట్టు పూర్తిగా తెల్లబడింది, మెడలో టేపు అలాగే ఉంది. నన్ను పేరు పెట్టి పిలిచి, భుజాలు తడిమి, "ఒళ్ళు జేసినవ్, నేను చెప్పలే?" అని నవ్వింది. మా పిల్లల గురించి అడిగింది. ఆ తర్వాత నేను భయపడ్డ మాటే అడిగింది.

"పిల్ల తిరిగొచ్చిందా?"

అక్కడ ఇద్దరమే నిలబడి ఉన్నాం. వెనక ఎవరూ లేరు, తొందర ఏమీ లేదు. చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఉండదు.

"వస్తోంది పెద్దమ్మా. తిరుగు ప్రయాణంలో ఉంది. ముందు మన దగ్గరికే వస్తుంది" అన్నాను.

"ఐదో ఏడుకో తొమ్మిదో ఏడుకో మళ్ళ ఒడిబియ్యం పొయ్యాలె. ఆలస్యమైంది గని ఫికర్ లేదు" అంది.

మొన్న పదకొండో రోజుకు వెళ్ళేటప్పుడు టీచరు రాసిన ఆ కాగితం సంచిలో పెట్టుకున్నాను. ఎవరికి చదువుతాను? ఆమెకు చదవాల్సింది మీకు చదువుతున్నాను. తెలుగులో ఇలా ఉంటుంది.

"నా కుందేలు పోయినందుకు ఏడ్చాను, అబద్ధం చెప్పను. కానీ అది తిరిగిన ఇళ్ళన్నిటిలో దారికి బియ్యం కట్టి ఇచ్చింది మీ టైలరు ఒక్కరే. ఆమెను కోప్పడకండి. మీరు పెట్టిన ఫోటోలో ఆ లంగా అంచును పెద్దది చేసి చూశాను. పైకి ఒక్క కుట్టు కూడా కనపడటం లేదు. నలభై ఏళ్ళుగా కుడుతున్నాను, నాకు అది చేతకాలేదు. ఎలా కుట్టిందో ఆమెను అడిగి రాస్తారా?"

నేను అడగలేదు. అడిగి ఉంటే పెద్దమ్మ ఆ కాగితాన్ని షట్టరు లోపలి గోడకు అంటించుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించుకునేది. హెమ్మింగ్ ఎలా వేసిందో చెప్పడానికి నన్ను గంటసేపు కూర్చోబెట్టేది. ఒక దేశంలో కుట్టుపని తెలిసిన ఒకామె ఇంకో దేశంలో కుట్టుపని తెలిసిన ఇంకొకామెను అడిగిన మాట అది. మధ్యలో నేను నిలబడి దాన్ని ఆపేశాను.

భోజనాలయ్యాక కోడలు నన్ను షట్టరులోకి తీసుకెళ్ళింది. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. కొలతల పుస్తకం తెరిచి, "గీ ఫిన్లాండ్ పిల్ల అంటే ఎవలు మేడం? కొలతలు చూస్తే నెలల పిల్లకు సుత సరిపోవు. పక్కకు మీ నంబరే రాసున్నది" అంది. నేను చెప్పేలోపే అరలోంచి ఒక కవరు తీసి చేతిలో పెట్టింది. "పోయినేడు కుట్టింది. ఎవలకు అత్తమ్మా అంటే, వచ్చినంక తొడుగుత అన్నది."

ఆకుపచ్చ పట్టు లంగా, జాకెట్టు. వాటితో ఒడిబియ్యంలో పెట్టేలాంటి, మడతపెట్టిన చిన్న రవిక గుడ్డ, అరచేయంత ఉన్ని స్వెటరు. అంచు తిరగేసి చూశాను, పైకి ఒక్క కుట్టూ కనపడలేదు. జాకెట్టును లోపలి వైపుకు తిప్పాను. గుడ్డబొమ్మ పెరగదని ఆమెకు తెలియక కాదు. రెండు పక్కలా, కుట్టు లోపల, రెండు వేళ్ళ గుడ్డ వదిలి ఉంది.