సణగని ఏడాది

నిన్న ఆదివారం పూజ అయ్యాక, గుడి పక్క రేకుల షెడ్డులో కొత్త సిస్టరు గారు పాత బిస్కెట్ల డబ్బా మూత తీశారు. ఆ మూత ఒక పట్టాన రాదు. గోళ్ళతో పీకి, చెంచాతో ఎత్తితే చివరికి టప్పుమని ఊడుతుంది. ఆ చప్పుడు వినపడగానే నేను ఫ్యాను కింద కుర్చీలోంచి లేచి చేతికర్ర కోసం తడుముకున్నాను. పక్కనున్నావిడ "అప్పుడే ఇంటికేనా టీచరు గారండీ?" అంది. ఇంటికి కాదు. ఆ డబ్బా దగ్గర నాకో పనుంది. ఏటా ఈ ఆదివారం నాడు ఉంటుంది. రిటైరయ్యాక బడి పనులన్నీ వదిలేశాను గాని, ఈ ఒక్కటి మాత్రం వదల్లేదు.

పాలకొల్లు దాటాక కాలవ గట్టు మీద ఉంటుంది మా విచారణ, అంటే ఒక ఫాదరు గారి కింద ఉండే కతోలిక సంఘం. చిన్నది. నవంబరు ఒకటిన, సకల పునీతుల పండుగ నాడు, పిల్లలందరూ పునీతుల వేషాలు కట్టి గుడి చుట్టూ తిరుగుతారు. ఎవరు ఏ వేషం కట్టాలో ముందు ఆదివారం ఈ డబ్బాలోంచి చీటీ తీసుకుని తేల్చుకోవాలి. చీటీ మీద పునీతుల పేరుతో పాటు చేయాల్సిన పని కూడా ఒకటి రాసి ఉంటుంది. వేషం ఒక్క పూటే, పని మాత్రం మళ్ళీ పండుగ దాకా ఏడాదంతా. ఈ ఆనవాయితీ పెట్టింది ఇదివరకటి సిస్టరు గారు. మంచి మనిషి. పునీతులంటే సింహాల నోట పడ్డవాళ్ళూ, కత్తికి ఎరైనవాళ్ళే కాదనీ, మీలాగే బడికెళ్ళి, అమ్మ చేత తిట్లు తిన్న పిల్లలు కూడా ఉన్నారనీ ఆవిడ చెప్పేవారు. అందుకే డబ్బాలో అన్నీ చిన్న వయసు పునీతుల పేర్లే. మగపిల్లలందరూ కంప్యూటరు పునీతుడి కోసం, అంటే కంప్యూటరు మీద దేవుడి పని చేసిన ఈ కాలం కుర్రాడి కోసం, కొట్టుకునేవారు. ఆయనైతే జీన్సు ప్యాంటూ, బూట్లూ, వీపున సంచీ చాలు, తల్లికి కుట్టు పని తప్పుతుంది. దివ్యసత్ప్రసాదాన్ని, అదే పూజలో ఇచ్చే అప్పాన్ని, గుండెలకు హత్తుకుని రాళ్ళ దెబ్బలు తిన్న కుర్రవాడి వేషం ఒక ఏడు మా మేస్త్రి గారి అబ్బాయికి వచ్చింది. తోటి భక్తులు నిజం కంకర రాళ్ళే విసిరారు. నుదుటి మీద కుట్లు పడ్డాయి. వాడు మాత్రం ఆ మచ్చ చూపించుకుని ఊరంతా తిరిగాడు.

మా చెల్లెలి కూతురికి అప్పుడు పదమూడేళ్ళు. పిల్ల కాదది, మైకు. దోమ కుట్టినా వీధి వీధంతా తెలియాల్సిందే. కూరలో ఉప్పు తక్కువైతే కంచం ముందు కూర్చుని ప్రసంగం చేసేది. వాళ్ళ నాన్న, అంటే మా మరిది, రొయ్యల చెరువుల దగ్గర మేత చూసేవాడు. సాయంత్రం ఆయన బండి దిగేసరికి ఇది గుమ్మంలో నిలబడి ఆ రోజు తనకు జరిగిన అన్యాయాలన్నీ వరసగా వినిపించేది. ఆయన కాళ్ళు కడుక్కుంటూ "అలాగా తల్లీ, అయ్యో తల్లీ" అంటూ ఉండేవాడు. ఆ ఇంట్లో అదే సాయంత్రం జపం.

దానికి వచ్చిన చీటీ ఒక ఇటలీ అమ్మాయిది. ఆటలంటే ఇష్టమున్న పిల్ల, ఎముకల జబ్బు చేసి చిన్న వయసులోనే పోయింది. ఎంత నొప్పి వచ్చినా నవ్వుతూ దేవుడికి ఒప్పజెప్పిందట, నొప్పి తెలియకుండా చేసే మందు కూడా వద్దందట. చీటీ మీద పేరు కింద రాసి ఉన్న పని ఒకటే మాట: సణగకూడదు. అది చదివి పిల్లలంతా గొల్లుమని నవ్వారు. మా చెల్లెలైతే సిస్టరు గారి చేతులు పట్టుకుని, "సరైన పిల్లకే వచ్చిందండీ, ఈ ఏడాది మా ఇంటికి ప్రశాంతత" అంది. పిల్లకి రోషం వచ్చింది. "చూడండి, పండుగ దాకా నా నోట ఒక్క మాట వస్తే అడగండి" అంది. అన్న మాట మీద నిలబడే జాతి మాది. మొండితనానికి మేం పెట్టుకున్న ముద్దు పేరు అది.

నిజంగానే నిలబడింది. ఉప్పు లేని కూర తినేసేది. చిరిగిన యూనిఫాం తనే కుట్టుకునేది. మా చెల్లెలు పూజకు వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది. మా మరిది ఒక్కడే, బండి దిగి గుమ్మం వంక చూసి, "ఇల్లు బోసిగా ఉందే" అనేవాడు. చలికాలం వెళ్ళే రోజుల్లో పిల్ల మోకరించి లేచేటప్పుడు బెంచీ పట్టుకోవడం చూశాను. ఏంటే అంటే తిమ్మిరెక్కిందంది. చెల్లెలితో అంటే, చెప్పులు కరిచి ఉంటాయిలే అంది. పిల్ల నవ్వుతూ తిరుగుతుంటే, ఒకప్పుడు దోమ కాటుకే ఊరు లేపిన పిల్లకు నొప్పి ఉందని ఎవరనుకుంటారు?

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో శుక్రవారాలు మాకు సిలువమార్గం. పధ్నాలుగు స్థలాలు, ప్రతి స్థలం దగ్గరా మోకరించాలి. ఆ రోజు కాలవ గట్టు మీద చేశాం. ప్రభువు మూడోసారి కింద పడ్డ స్థలం దగ్గర అందరూ వంగి లేచారు, అది లేవలేదు. పక్కనున్న పిల్ల టక్కుమన్న చప్పుడు విన్నానంది. మేం వెళ్ళేసరికి చున్నీ కొస నోట్లో కుక్కుకుని ఉంది, ముఖమంతా చెమట. అంతటి నొప్పిలోనూ అరవలేదు. అరవని ఆ ముఖాన్ని చూసి వెనక వరసలో ఒకావిడ "ఎంత నిగ్రహమండీ" అంది. అప్పుడే ఆవిడ నోరు మూయించాల్సింది.

రాజమండ్రిలో డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్ము దీపానికి ఎత్తి చూసి, ఎముక లోపల ఎప్పుడో గుల్లయిందనీ, జబ్బు ఊపిరితిత్తుల దాకా పాకిందనీ చెప్పారు. "ఇన్ని నెలల నొప్పి తట్టుకోవడం పెద్దవాళ్ళ వల్లే కాదమ్మా. ముందే ఎందుకు తీసుకురాలేదు?" అన్నారు. మా మరిది మంచం పక్కన చతికిలపడి, "నాకైనా చెప్పలేదేంటి తల్లీ?" అని అడిగాడు. అది చాలా మామూలుగా, లెక్క తెలియని వాడికి లెక్క చెప్పినట్టు, "పండుగ దాకా సణగకూడదు కదా నాన్నా" అంది. ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. గోడకు తల కొట్టుకుంటున్న చప్పుడు మాకు లోపలికి వినిపించింది.

సిస్టరు గారు పరుగున వచ్చారు. ఏడుస్తూ, ఆ చీటీ రద్దు చేశానమ్మా అన్నారు. "మధ్యలో మానేస్తే ఎలా సిస్టర్?" అంది పిల్ల. మందులు పట్టలేదు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు, నొప్పికి మాత్రలు రాసిచ్చారు. అది మాత్రలు ముట్టుకోలేదు. ఆ ఇటలీ ఆవిడ వేసుకోలేదు కదా, నేనూ వేసుకోను అంది. ఇక మొదలైంది జనం రాక. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో వచ్చేవారు. దాని మంచానికి చేతి రుమాళ్ళు తాకించుకుని పోయేవారు. "చిన్న పునీతురాలండీ" అని చెల్లెలితో అంటుంటే, ఆ వెర్రితల్లికి ఏడవాలో గర్వపడాలో తెలిసేది కాదు. కూతురు పోతోందన్న మాట మింగలేక, కూతురు పునీతురాలవుతోందన్న మాట పట్టుకుని వేలాడింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆ రుమాళ్ళన్నీ పోగేసి కాలవలో పారేయాలనిపించేది. దేవుడి మీద కూడా కోపం వచ్చింది, ఆయన మీద ఇంకా పూర్తిగా తగ్గలేదు.

ఒక రోజు పొద్దున్నే ఒకావిడ అరటిపళ్ళు పట్టుకుని వచ్చి, మంచం మీద కూర్చుని, "మా అబ్బాయికి గల్ఫు వీసా రావాలమ్మా, నీ నొప్పిలో కొంచెం వాడి కోసం దేవుడికి ఒప్పజెప్పు" అంది. పిల్ల సరేనని తల ఊపింది. ఊపుతుంటే పెదవి మీద పళ్ళ గాటు కనిపించింది. ఆవిడ వెళ్ళగానే మా అమ్మ లేచింది. మా అమ్మకు చదువు లేదు, ఓపికా లేదు. జపమాల తిప్పుతూ మధ్యలో కోళ్ళను అదిలించేది, దేవుణ్ణి కూడా అదే గొంతుతో కేకలేసేది. మోకాళ్ళు పట్టుకుని, అబ్బా, అమ్మా, చచ్చాన్రా తండ్రీ అనుకుంటూ వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది.

"ఏమేవ్, నొప్పిగా ఉందా లేదా?"

"లేదమ్మమ్మా."

"అబద్ధమాడితే పాపం కాదని చెప్పిందటే మీ సిస్టరు?"

పిల్ల దుప్పటి పైకి లాక్కుంది.

"సిలువ మీద ఆయనేం చేశాడే? నవ్వాడా?"

"లేదు."

"గావుకేక పెట్టాడు. దాహమన్నాడు. నన్నొదిలేశావేంటని కన్నతండ్రినే నిలదీశాడు. దేవుడి కొడుకే సణిగాడే, పిచ్చిమొహమా. ఆయన కంటే గొప్పదానివైపోదామనా నీ ఎత్తు?"

పిల్ల అమ్మమ్మ వైపు తిరిగింది. ముందు సన్నగా, అడగడానికి మొహమాటపడినట్టు, "అబ్బా" అంది. మా అమ్మ "ఊఁ" అంది. మళ్ళీ అంది. ఆ తర్వాత అరిచిన అరుపు కాలవ అవతల గట్టు మీద వరి ఊడుస్తున్నవాళ్ళకు వినపడింది, నడుములెత్తి చూశారు. కుట్టుమిషను దగ్గర నుంచి మా చెల్లెలు పరిగెత్తుకొచ్చింది. మా అమ్మ చెయ్యి అడ్డంపెట్టి, "రానీవే. ఎన్నాళ్ళదో, లోపలే ఉండిపోయింది" అంది. అరిచి అరిచి అలిసిపోయాక తనే మాత్రలు ఎక్కడున్నాయని అడిగింది. ఆ మధ్యాహ్నం నిద్రపోయింది. దాని పెదవులు వదులుగా తెరుచుకుని ఉండడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి చూశాను.

తర్వాత మిగిలిన రోజుల్లో అది మళ్ళీ మా మైకే. పీతల ఇగురులో పులుసు ఎక్కువైందని పోట్లాడింది. ఫ్యాను చప్పుడు చేస్తోందంది. రుమాలు పట్టుకొచ్చిన వాళ్ళతో "ఇక్కడేమైనా లాండ్రీయా అండీ?" అంది. జనం రాక తగ్గింది. పిల్లకు విశ్వాసం సన్నగిల్లిందని చెవులు కొరుక్కున్నారట. సాయంత్రాలు మా మరిది కాళ్ళు కడుక్కోకుండానే మంచం దగ్గరకు వచ్చేవాడు, అది అన్యాయాలన్నీ చెప్పేది, ఆయన "అలాగా తల్లీ, అయ్యో తల్లీ" అంటూ వినేవాడు. నొప్పి ఎగదన్నినప్పుడు గట్టిగా అరిచేది, అది తగ్గీ తగ్గకముందే వాళ్ళమ్మ ముఖం చూసి "భయపడ్డావా అమ్మా?" అని అడిగేది. పవిత్రత అనేది ఒకటి ఉంటే అది ఆ అడగడంలో ఉందని నేననుకుంటాను. పెదవి కొరుక్కున్న రోజుల్లో లేదు. ఆ ఇటలీ పిల్ల మీద నాకేం కోపం లేదు. ఆవిడ కూడా వాళ్ళమ్మకు నొప్పి సంగతి చెప్పుకునే ఉంటుంది. చీటీలో అంత రాయడానికి చోటు లేదు, అంతే.

ఒక రోజు నన్ను దగ్గరకు పిలిచి, "పెద్దమ్మా, ఈసారి ఆ చీటీ ఎవరికొస్తుందో" అంది. చించి పారేస్తాలే అన్నాను. "వద్దు, ఆవిడ మంచిదే. ఎవరికొస్తే వాళ్ళకి నొప్పొస్తే చెప్పమను. నువ్వు టీచరువి కదా, నీ మాట వింటారు" అంది. పండుగ ఇంకో వారం ఉందనగా పోయింది. కుర్రవాళ్ళు గుడి గేటుకు ఫ్లెక్సీ కట్టారు. దాని నవ్వు ముఖం, కింద నొప్పిని నవ్వుతో జయించిన చిన్నారి అని పెద్ద అక్షరాలు. మా అమ్మకు ఎవరో చదివి వినిపించారు. తను కుర్చీ వేయించుకుని ఫ్లెక్సీ కింద కూర్చుంది, విప్పేదాకా లేవనంది. "నా మనవరాలు నవ్వలేదు నాయనా, ఏడ్చింది. నాకు ఆ ఏడ్చిన పిల్లే కావాలి" అంది. విప్పారు. పండుగ మర్నాడు ఆత్మల పండుగకు, కొత్తగా సున్నం వేసిన దాని సమాధి మీద బంతిపూలు చల్లి కొవ్వొత్తులు వెలిగించాం. మా మరిది అక్కడ కూర్చుని ఆ రోజు తన సంగతులన్నీ పైకే చెప్పుకున్నాడు. ఇప్పటికీ చెప్పుకుంటాడు. మా అమ్మ ఇప్పుడు ఆ పక్క వరసలోనే ఉంది.

నిన్న ఆ చీటీ ఒక బొద్దుపిల్లకు వచ్చింది. సణగకూడదు అన్న మాట ఎప్పుడో పోయింది, ఇప్పుడు చీటీ మీద మరేదో రాశారు. అయినా నేను కర్ర పొడుచుకుంటూ వెళ్ళి, ఏటా చెప్పే మాటే చెప్పాను. "నీకు ఎక్కడైనా నొప్పిగా ఉంటే వెంటనే చెప్పాలి తల్లీ. అమ్మకి చెప్పు, నాన్నకి చెప్పు, వాళ్ళు వినకపోతే నాకు చెప్పు." అది "ఇప్పుడే ఉంది టీచర్, ఎడమ చెప్పు కరుస్తోంది" అంది. నేను బెంచీ మీద కూర్చుని, దాని కాలు ఒళ్ళో పెట్టుకుని, చెప్పు విప్పి చూశాను. మడమ దగ్గర చిన్న పొక్కు, అంతే. అయినా వేళ్ళతో మోకాలి దాకా నొక్కి నొక్కి చూశాను, నొప్పిగా ఉందా, ఇక్కడుందా అని. అది చక్కిలిగింతలకు నవ్వింది. షెడ్డు గోడ మీద పటాల్లోని ఆ చిన్న పునీతులెవరికీ ఏళ్ళు పెరగవు, మా పిల్లకూ పదమూడు దాటదు. ఏటేటా ముదిరేది వాళ్ళ ముందు వంగే మా మోకాళ్ళే.