చాచా సంచిలోని కాగితాలు

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లో మా పక్కింట్లో ఒక అక్క ఉండేది, ఆపా అని పిలిచేదాన్ని. బట్టలు కుట్టేది. కుట్టు లేని పూట కాగితాలు మడిచేది, ఎందుకంటే చేతులు ఊరికే పెట్టుకు కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఆరు చదరపు ముక్కలు తీసుకుని, అన్నీ ఒకేలా మడిచి, ఒకదాని చెవిని ఇంకొకదాని జేబులో దూర్చితే చిన్న పెట్టె తయారయ్యేది. జిగురుతో పనే లేదు. బడి వదలగానే నేను మా ఇంటికి కాక వాళ్ళింటికే పరుగెత్తేదాన్ని.

ఒకరోజు ట్రాక్టర్ చేయాలనిపించింది. ఊరి దారుల్లో కొత్తగా ట్రాక్టర్లు తిరుగుతుంటే పిల్లలకు ఇంకేం తోస్తుంది! పాత నోటుబుక్కు కాగితాలు రెండు పెద్ద పెట్టెలతోనే అయిపోయాయి. నాలుగు చక్రాలకు ఇరవైనాలుగు ముక్కలు కావాలి. ఆపా లోపల రొట్టెలు చేస్తోంది. గోడకు ఎత్తుగా మేకుకు గుడ్డసంచి వేలాడుతోంది, నిండా ఉర్దూ కాగితం ముక్కలు. చిత్తు కాగితాలే కదా అనుకుని, స్టూలెక్కి దించుకున్నాను. చక్రాలు కూడా చదరపు పెట్టెలే కాబట్టి ఆ బండి దొర్లేది కాదు. గచ్చు మీద గీరుతూ ఈడ్చాను.

ఆపా వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దేవుడి పేరున్న కాగితం ఎవరి కాళ్ళ కిందా పడకూడదని వాళ్ళ నాన్న బజారులో, బస్టాండులో ఏరి తెచ్చి దాచేవారట. సంచి నిండాక ఎవరూ తొక్కని చోట పూడ్చేవారట. వాటిని నేను చక్రాలు చేశాను. ఆయన్ని నేను చాచా అనేదాన్ని. ఇక ఆ గడప తొక్కనివ్వరని ఏడుపొచ్చేసింది.

నమాజు నుంచి చాచా వచ్చారు. సంగతి విని, కూర్చుని, ట్రాక్టరును ఒళ్ళో పెట్టుకున్నారు.

"మీ ఇంట్ల పుస్తకానికి కాలు తగిల్తె ఏం చేస్తవ్ బిడ్డా?"

"కండ్లకద్దుకుంట చాచా."

"మరి గంతే. తెల్వక చేసినవ్, ఫికర్ చెయ్యకు. జర మెల్లగ ఇప్పు, చినగొద్దు."

ఇద్దరం కలిసి ఇరవైనాలుగూ విప్పాం. ఒక్కొక్కటీ ఆయన కళ్ళకద్దుకుని సంచిలో వేశారు, నేనూ అద్దుకున్నాను. తర్వాత గోడమీది క్యాలెండర్లో అయిపోయిన నెల కాగితం చింపి, అద్దాలు పెట్టుకుని, ముందూ వెనకా పూర్తిగా చదివి, దేవుడి పేరు ఎక్కడా లేదని చూసుకుని, అప్పుడు నా చేతికిచ్చారు. తిడితే ఆ పూటకే మరిచిపోయేదాన్నేమో. ఆయన అలా ఓపిగ్గా చదవడం మాత్రం మరిచిపోలేదు.

చాచా పోయి చాలా ఏళ్ళయింది. నాకు ఉర్దూ చదవడం ఇప్పటికీ రాదు. రాని లిపిలో కాగితం కనిపిస్తే చదవగలిగినవాళ్ళను అడుగుతాను. మొన్న మనవరాలు పెట్టె చేసిమ్మని తెల్లకాగితం ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను.

"అది ఖాళీ కాగితమే అమ్మమ్మా!" అని నవ్వింది.

ఖాళీదే. అయినా చూడకుండా నా చేతులు మడవవు.