పసుపు మూట కింద గుడ్డు వాసన

ఆ రోజుల్లో మా ఆర్మూర్‌లో కళ్లు మూసుకుని నడిచినా ఎక్కడున్నామో ముక్కే చెప్పేది. రాసుకో బిడ్డా, నేను చెప్పినట్టే రాసుకో. పసుపు ఉడికే రోజుల్లో ఊరంతా ఒకటే వాసన. మార్కెట్ యార్డు ముందు నుంచి పోతే చీర కొంగుకు కూడా అంటుకునేది. అన్ని వాసనల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఒక్క వాసనను మాత్రం దాచిపెట్టాను. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మీ తాత దుబాయిలో డ్రైవరుగా చేసి వచ్చి, హైదరాబాదులో ఒక తెల్ల కారు సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చాడు. దానికి సీసం కలపని పెట్రోలే పోయాలని అమ్మినాయన చెప్పాడట. అది అప్పుడు మా దగ్గర దొరికేది కాదు. "పెట్రోలంటే పెట్రోలే. గాడ దుబాయిల నేను నడపని కారున్నదా?" అని మీ తాత ఉన్నదే పోయించాడు. (దుబాయి నుంచి వచ్చినాయనకు ఎదురు చెప్పేదెవరు?) కొన్నాళ్లకు కారులో కుళ్లిన గుడ్డు వాసన మొదలైంది. మీ తాతకు ఎప్పుడూ జలుబే. పాలు మాడినా నేను చెబితేనే తెలిసేది. సీట్లన్నీ ఎత్తి గుడ్డు కోసం వెతికాను. పక్కింటి వదినే ఏదో పెట్టించిందని వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. (పాపం, వాళ్లింట్లో గుడ్డే తినరు.) ఎన్నో ఏళ్లు ఎండలో కష్టపడి కొన్న కారుకు వంక పెట్టడానికి నాకు నోరు రాలేదు. మా బాపు చేలో పండిన పసుపు కొమ్ములు దంచి, మూట కట్టి, ముందు సీటు కింద పెట్టాను. వాసన అణిగింది. కాళ్ల కింద వేడి తగిలితే మంచి కార్లు ఇట్లాగే ఉంటాయేమో అనుకున్నాను. అడుగున గలగలమంటే నా టిఫిన్ గిన్నెలను తిట్టుకున్నాను.

ఆ వానాకాలం బాపుకు ఊపిరి ఆడటం కష్టమైంది. దవాఖానలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. బాపు అడిగింది ఒక్కటే. "పోచంపాడు డ్యాము గేట్లు ఎత్తిన్రట గదా అల్లుడా, ఒక్కసారి సూపియ్యి. కాల్వ నీళ్లు ఇన్నేండ్లు పారిచ్చుకున్న, గవి యాడికెల్లి దుంకుతయో సూడకనే పోతనా?"

బాపును ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను వెనక ఎక్కాను. కొమ్మును వాసన చూసి అది ఎవరి చేనుదో చెప్పే మనిషి కదా, కారు కదలగానే ముక్కు ఎగబీల్చాడు.

"బిడ్డా, పసుపు మనదే. దాని కిందికెల్లి ఏదో కుళ్లిన వాసనొస్తుంది."

"ఏం లేదు బాపూ, రోడ్డు పక్క మోరీ వాసన."

"ఊరు దాటినంక గూడ గదే మోరీ ఎంబడొస్తుందా?" అని నవ్వబోయి దగ్గాడు. నేను గబగబా కిటికీ అద్దం దించాను.

దారిలో ముప్కాల్ ఊరు దాటేసరికి కారు గుంజడం తగ్గింది. పెడలు ఎంత తొక్కినా ముందున్న ఎడ్లబండిని దాటలేకపోయింది. ఆనకట్ట మీదికెక్కే ఎత్తు దగ్గర రొప్పి రొప్పి ఆగిపోయింది. నేను కొంగు నడుముకు చెక్కి నెట్టాను. దారిన పోయే చేపలవాళ్లు ఇద్దరు చేయి వేశారు. కారు నాలుగడుగులు ఎక్కి ఐదడుగులు దిగింది. "ఏమయ్యా అల్లుడా, నా ఎడ్లను కట్టినా గీపాటికి పైకి పోతుంటిమి గదా!" అన్నాడు బాపు. అందరం నవ్వాం. ఎత్తుకుని పోదామని లేపితే ఆయనకు ఊపిరి అందలేదు. మళ్లీ సీట్లో వాలి, ఇక వద్దని చేయి అడ్డం పెట్టాడు. కట్ట అవతల నీళ్ల హోరు.

"ఇనబడుతుంది బిడ్డా. సాలు."

మర్నాడు మెకానిక్ కారు కింద దూరి వచ్చి చెప్పాడు. "పొగ గొట్టంల పొగను సాఫ్ జేసే డబ్బా ఉంటది అన్నా. గీ పెట్రోలుతోటి అది మూసుకపోయింది. పొగ బయటికి పోకుంటే ఇంజను ఊపిరెట్ల తీస్తది?" (దాని పేరు కేటలిటిక్ కన్వర్టర్ అట, సరిగ్గా రాయి.) "గిది ముందుగాల్నే చెప్తది. కుళ్లిన గుడ్డు వాసనొస్తది, అడుగు కాలుతది, గలగలమంటది. మీకేం తెల్వలేదా?"

మీ తాత నావైపు తిరిగాడు. "ఏమే, నీకేమన్న వాసనొచ్చిందా?"

"రాలే," అన్నాను. అప్పటికే పసుపు మూట నా కొంగు కింద ఉంది.

బాపు దసరా దాకా ఉండలేదు. చూడవచ్చిన వాళ్లందరికీ, "అల్లుడు కారుల తీస్కపోయి గేట్లన్ని సూపిచ్చిండు" అని చెప్పుకున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా మీ తాత తల దించుకునేవాడు. "మామకు నీళ్లు సూపియ్యకపోతి. గా పెట్రోలు పోయించింది నేనే గదా" అని తాను పోయేదాకా అంటూనే ఉన్నాడు. నేను పక్కన కూర్చుని చాయ్ చల్లార్చేదాన్ని.

మొన్న మీ నాన్న కొత్త కారు ఎక్కుతూ నేను సీటు కింద చేయి పెట్టి తడిమితే నువ్వు నవ్వావు కదా. అక్కడ నీ నీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. మొగుడి మనసు నొప్పించకూడదని పసుపు దంచిన ఆ పిచ్చి పడుచు గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది. రాయడం అయిందా? అయితే లోపలికి పోయి తాత ఫోటో ముందు ఒకసారి పైకి చదువు. నాకు చదవను రాదు కదా. నువ్వు చదివేటప్పుడు నేను మాత్రం వంటింట్లో ఉంటాను.