శుభలేఖలో లేని బాజియో

మా చిన్నాన్న పేరు కాంతయ్య. ఆ సంగతి మలేషియాలోని మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో ఎవరికీ తెలీదు. గుడి పూజారి నుంచి చేపల అంగడి దాకా అందరికీ అతను బాజియో.

1994 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఫైనల్లో ఇటలీ ఆటగాడు రాబర్టో బాజియో చివరి పెనాల్టీని గోల్ మీదుగా గాల్లోకి తన్నాడు. ఇటలీ ఓడింది. నెల తిరక్కుండా మా ఎస్టేట్ల కప్పు ఫైనల్లో చిన్నాన్న కూడా అదే ఘనకార్యం చేశాడు. బంతి పామాయిల్ తోటలో పడింది. ఎదుటి జట్టు గోల్‌కీపరు రెంగసామి అక్కడికక్కడే పేరు పెట్టేశాడు.

ఇటలీ ఆయన ఆట మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ రెంగసామి కాఫీ కొట్టులో లక్ష్మీదేవి పక్కన ఆయన పటం, దానికో మల్లెదండ. అప్పటికి పుట్టనైనా పుట్టని కుర్రాళ్ళు ఆయన పదో నంబరు నీలం బనీను వేసుకుని తిరుగుతారు. "ఎంత గొప్పోడు, పాపం" అంటారు. ఆ పాపంలో మా చిన్నాన్నకి చెంచాడు కూడా మిగల్లేదు. ముప్పై ఏళ్ళు ఒక్క పిల్లకి గీత పడకుండా బడి బస్సు నడిపాడు. దాన్ని చూసి ఎవరూ మారుపేరు పెట్టలేదు. ఆ తోట నరికి ఇళ్ళు కట్టేశారు గానీ వెక్కిరింత మాత్రం పోలేదు. చిన్నాన్న నవ్వి ఊరుకునేవాడు.

మొన్న కూతురు షర్మిల పెళ్ళి కుదిరింది. మావైపు శుభలేఖలో మారుపేరు కూడా అచ్చేయిస్తారు, లేకపోతే ఎవరింటి పెళ్ళో జనానికి అంతుపట్టదు. ప్రెస్సువాడు "కాంతయ్య అలియాస్ బాజియో" అని వేసి చూపించాడు. చిన్నాన్న కొట్టేయించాడు.

"ఒక్కడూ రాడు," అంది పిన్ని.

"రాపోతే మానీ. నా కూతురు పెళ్ళిలోనైనా నా పేరుతో నిలబడతాను."

కార్డులు పంచడానికి కారు నేనే నడిపాను. కాఫీ కొట్లో రెంగసామి కార్డుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివాడు.

"ఎవుడీ కాంతయ్య?"

"నేనే."

"డేయ్ బాజియో! ఆ మాట ముందే సెప్పొచ్చు కదా!" కొట్లో అందరూ నవ్వారు. రెంగసామికి ఊపొచ్చింది. "ఆ రోజు నేను ఎగరనే లేదురా. ఎందుకెగరాల? బంతి మబ్బుల్లో ఉంటే!"

చిన్నాన్న అతని చేతిలోంచి కార్డు లాక్కున్నాడు.

"పేరెట్టి పిలిస్తే పెళ్ళికి రా. లేదంటే ఆ పటం ముందే కూకోని కాపీ తాగు."

అంటూనే బయటికి నడిచాడు. నేను వెంటపడ్డాను. కారు తలుపు తీస్తుంటే వెనక నుంచి రెంగసామి గొంతు, కొత్త పాఠం చదివే పిల్లాడిలా తడబడుతూ వినబడింది.

"కాం... కాంతయ్యా!"

నేను తిరగబోయాను. చిన్నాన్న నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"కాంతయ్యా! కార్డిచ్చి ఎల్లరా!"

"పిలుస్తున్నాడు చిన్నాన్నా."

"ఇనబడతంది. ఉండెహే," అన్నాడు, ఎండలో కళ్ళు మూసుకుని. "ఇంకో రెండుసార్లు పిలవనీ."