ఖర్జూరాల గది

దెయ్యాలను నేను నమ్మను. అదేదో గొప్ప అని కాదు, నా ఉద్యోగం అలాంటిది. నేను సర్వేయర్ని. గోడ ఎంత పొడవో, గుమ్మం ఎంత ఎత్తో టేపు పెట్టి చూసి కాగితం మీద గీసేవాణ్ణి. మా కాకినాడలో ఎవరైనా ఫలానా మేడలో ఏదో తిరుగుతోందంటే, అది ఎన్ని అడుగుల ఎత్తుందో అడిగి తిట్లు తిన్న రోజులున్నాయి.

ఇది తొంభైల మధ్యలో, నేను ఖతర్‌లో పనిచేస్తున్నప్పుడు జరిగింది.

మా ఆఫీసులో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆర్కిటెక్టుగా ఉండేవారు. ఆయన పుట్టిన పల్లెలో కొండ మీద కోట, కింద రాతి ఇళ్ళు. చిన్నప్పటి నుంచీ పాత ఊళ్ళూ, పాత కోటలూ వెతుక్కుంటూ తిరగడమే ఆయన పిచ్చి. శుక్రవారం మేమంతా బిర్యానీ తిని పడుకుంటే ఆయన కారు తీసుకుని ఉత్తరపు ఎడారిలోకి పోయేవారు. పాడుబడిన ఇంటి ముందు ఆగి, టోపీ తీసి, లోపల ఎవరో ఉన్నట్టు పలకరించి, అప్పుడు అడుగుపెట్టేవారు. మొదటిసారి వెంట వెళ్ళినప్పుడు చూసి నవ్వాను. వాళ్ళమ్మ నేర్పిన అలవాటట. ఏడాది తిరిగేసరికి ఆ పిచ్చి నాకూ అంటుకుంది, టోపీ తియ్యడం తప్ప.

అలా తిరిగిన వాటిలో సముద్రం ఒడ్డున ఒక ఖాళీ ఊరుంది. జాలరుల ఊరు. నీళ్ళూ కరెంటూ ఉన్న పట్నానికి జనం ఎప్పుడో తరలిపోయారు. పగడపు రాళ్ళతో కట్టిన గోడలు, ఒక మసీదు మినారు, ఊరి చివర చిన్న కోట మిగిలాయి. ఆ కోటకు మరమ్మతులు చేసే పని మా కంపెనీకి వచ్చింది. కొలతలు నావి.

కోటలో ఖర్జూరాల గది ఒకటుంది. పూర్వం ఖర్జూరాల బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చితే, కారిన పాకం నేల మీది గాడుల వెంట వచ్చి కుండలో పడేది. దానికి ఒకటే గుమ్మం. కిటికీ లేదు, కప్పులో కన్నం కూడా లేదు. మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎనభై వెడల్పు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

అక్కడి సామానుకు కాపలా రాజయ్య. కరీంనగర్ వైపు మనిషి. చుట్టుపక్కల ఇంకెవరూ ఉండరు. వారానికోసారి నీళ్ళ ట్యాంకరు, వారానికోసారి నేను. ఎండ ఎక్కువైతే చల్లగా ఉంటుందని ఆ ఖర్జూరాల గదిలో చాప వేసుకునేవాడు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు నా చేత చదివించుకునేవాడు. ఒక ఉత్తరంలో, ఆడపిల్ల పుట్టిందనీ, ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక కూడా అయిందనీ, పేరు మాత్రం తండ్రి చెప్పిందే పెట్టాలని ఆపామనీ రాశారు.

జూలైలో రాజయ్య నాకొక క్యాసెట్ ఇచ్చాడు. టేప్‌రికార్డర్ దగ్గర పెట్టుకుని ఇంటికి కబుర్లు రికార్డు చేసి పంపడం అప్పట్లో గల్ఫ్‌లో మామూలే.

“బిడ్డ పేరు దీంట్ల చెప్పిన సారూ. జెర జల్ది పంపుండ్రి,” అన్నాడు.

మా పక్క ఫ్లాట్ ఆయన ఆ వారమే హైదరాబాద్ వెళ్తున్నాడు. ఇస్తానని చెప్పి కారు డాష్‌బోర్డులో పడేశాను. మర్చిపోయాను. ఆయన వెళ్ళిపోయాక గుర్తొచ్చింది. ఇంకెవరో వెళ్ళకపోతారా అనుకున్నాను. ఆగస్టులో రాజయ్య చనిపోయాడు. ఖర్జూరాల గదిలో చాప మీద పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడట, ట్యాంకరు డ్రైవరు చూశాడు. గుండె ఆగిందన్నారు. శవం ఇండియా వెళ్ళింది.

అప్పుడైనా ఆ క్యాసెట్ పంపాలి కదా. పంపలేదు. ఇన్నాళ్ళూ ఏం చేశావని అడిగితే ఏం చెప్పాలన్న సిగ్గు. రోజులు గడిచేకొద్దీ ఆ సిగ్గు పెరిగింది గానీ తగ్గలేదు. డాష్‌బోర్డు తెరవడమే మానేశాను.

నవంబరులో ఒకరోజు రాజయ్య తమ్ముడు మల్లేశ్ మా ఇంటికొచ్చాడు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్‌లో ఉండేవాడు, ఇనుప చువ్వలు కట్టే పని. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఇంటికి ఫోన్ చేసిన సారూ. పదో దినం పిట్టకు పెడితే ముట్టలేదట. మళ్ళ మూడు మాట్ల పెట్టిండ్రట, అయినా ముట్టలే. మా అవ్వ ఒక్కటే ఏడుపు. పెద్దోని పానం దుబాయ్‌లనే ఉన్నది, ఆడికే పోయి పెట్టు అంటాంది. ఆ జాగ మీకే ఎర్క గద. తోల్కపోతరా?”

కాకికి ముద్ద పెట్టడాన్ని వాళ్ళ వైపు పిట్టకు పెట్టడం అంటారు, గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్ళకు దుబాయే. మీకే ఎరుక అన్నాడు, అంతే. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

ఆ శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. గంటన్నర దారి. అతను ఒళ్ళో అన్నం డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు, మోకాళ్ళు సరిగ్గా డాష్‌బోర్డుకు ఆనుకుని. నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు.

కోట చేరేసరికి తొమ్మిదిన్నర. రాజయ్య పడుకున్న గది చూపించాను. మల్లేశ్ లోపలికి వెళ్ళి నేలంతా చేత్తో తడిమాడు. నేనూ వెంటే వెళ్ళాను, లైటర్ వెలిగించి మూలమూలా చూపించాను. ఏమీ లేదు, చాప కూడా లేదు. బయటికొచ్చి గుమ్మానికి నాలుగడుగుల దూరంలో అన్నం, కోడికూర, ఒక బీడీ పెట్టి, గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాం.

“అన్నా, వదినెను మంచిగ సూస్కుంట. బిడ్డను నా బిడ్డ లెక్కనే సాదుకుంట. అవ్వకు నేనున్న. తిను అన్నా.”

గాలి లేదు. తడి ఇసుకలో తెల్లటి సముద్రపు పక్షులు ఇరవై దాకా నిలబడి ఉన్నాయి. చేపముక్క కనబడితే మీద పడి లాక్కునే రకాలు అవి. ఒక్కటీ ఇటు రాలేదు. ఇక కాకి అంటారా, ఆ ఊళ్ళో రెండేళ్ళుగా తిరుగుతున్నాను, ఒక్క కాకినీ చూడలేదు. ఆ మాట మల్లేశ్‌తో అనలేకపోయాను.

పదకొండున్నర అయింది. చెప్పాల్సినవన్నీ చెప్పేశాడు. చివరికి చేతులు జోడించి ఏడ్చాడు. “ఇంకేం కావాలె అన్నా నీకు? చెప్పరాదు?”

నాకు ఇక కూర్చోవడం చేతకాలేదు. భక్తి కాదు, భయమూ కాదు. తట్టుకోలేకపోయానంతే. లేచి నిలబడి, “రాజయ్యా, నీ క్యాసెట్ నా కార్లోనే ఉంది. నేనే పంపలేదు. ఇవాళ మీ తమ్ముడి చేతిలో పెడతాను,” అన్నాను.

మల్లేశ్ తల తిప్పి నన్ను చూశాడు. నోరు తెరవబోయాడు.

గదిలోంచి చప్పుడైంది. గచ్చు మీద గోళ్ళు గీసినట్టు, ఆగి ఆగి. చీకట్లోంచి కాకి బయటికి వచ్చింది, ఎగురుతూ కాదు, నడుచుకుంటూ. మెడ బూడిదరంగు, మన ఊరి కాకే. మమ్మల్ని చూసి బెదరలేదు. నాలుగుసార్లు ముక్కు నిండా అన్నం తిన్నది. కూర ముట్టలేదు. తిరిగి అదే నడకతో గుమ్మం దాటి గదిలోకి పోయింది.

మల్లేశే ముందు లోపలికి వెళ్ళాడు. నేను లైటర్ పట్టుకుని వెనకాలే వెళ్ళాను. గది ఖాళీ.

కార్లోకి వచ్చాక డాష్‌బోర్డు తెరిచి క్యాసెట్ అతని చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టమని సైగ చేశాడు. పెట్టాను. రాజయ్య గొంతు వచ్చింది.

“లక్ష్మీ, నేను మంచిగనే ఉన్న. ఈడ మనుషులు లేరు. కాకి సుత లేదు. గంగ ఉన్నది, సూసినంత దూరం గంగనే. మన బిడ్డకు గంగమణి అని పెట్టుండ్రి. పెట్టినంక జాబు రాయుండ్రి. జాబు వచ్చెదాక ఈడనే కూసోని ఎదురుసూస్త.”

గోదావరినీ, పెద్ద నీళ్ళు ఎక్కడున్నా వాటినీ గంగ అనే అంటారు వాళ్ళ వైపు.

“నాలుగు నెలలాయె గద సారూ,” అన్నాడు మల్లేశ్. క్యాసెట్ తీసి జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

క్యాసెట్ వెళ్ళింది. జనవరిలో జాబు వచ్చింది, పేరు పెట్టామని. మల్లేశ్, నేను మళ్ళీ వెళ్ళి ఆ గది ముందు కూర్చుని దాన్ని పైకి చదివాం. అన్నం పెట్టాం. సాయంత్రం దాకా ఏదీ రాలేదు. మల్లేశ్ మాత్రం నవ్వుతూ లేచాడు. “పోయిండు సారూ,” అన్నాడు.

తర్వాత నేను ఆ గదిని నాలుగుసార్లు కొలిచాను. గోడలు కొట్టి చూశాను, నేల గాడుల్లో చెయ్యి పెట్టి చూశాను. ఫ్రెంచి ఆయన్ని తీసుకెళ్ళి కప్పు ఎక్కించాను. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజు ఆయన టోపీ తీసినప్పుడు నేనూ పక్కనే నిలబడి నమస్కారం పెట్టాను.

డ్రాయింగు ఇప్పటికీ నా దగ్గరుంది. ఒకటే గుమ్మం. మేమిద్దరం ఆ గుమ్మానికి ఎదురుగా రెండు గంటలు కూర్చున్నాం. ఆ కాకి ఎలా వచ్చిందో, ఎటు పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. చేతిలో పెట్టిన క్యాసెట్‌ను నాలుగు నెలలు ఎందుకు దాచుకున్నానో, అదీ తెలియదు.